యాడ్‌వేరా, స్పైవేరా? కంప్యూటర్‌లో దూరినదాని సంగతి తేల్చడం ఎలా

మా పిన్ని కూతురు ఒక పోటీ పరీక్షకి అప్లై చేస్తోంది. ఫోటో 50 కేబీ దాటకూడదని ఫారంలో ఉంది. ఫోటో సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్ అని వెతికి, పైన కనిపించినదాన్ని దింపుకుని, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కేసింది. పని అయితే అయింది. వారం తిరిగేసరికి ఏ పేజీ తెరిచినా పక్కన కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, వెతికే పేజీ కూడా మారిపోయింది. లాప్‌టాప్ నా దగ్గరికి తెస్తే చూసి, 'యాడ్‌వేరే, టెన్షన్ పడకు' అని ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి పంపేశాను. నాలుగు నెలల తర్వాత వేరే పని మీద అదే లాప్‌టాప్ తెరిస్తే, ఆ సాఫ్ట్‌వేర్ వెంట వచ్చిన ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) క్రోమ్‌లో అలాగే కూర్చుని ఉంది. దాని వివరాల పేజీలో ఒక్క వాక్యం: మీరు వెళ్లే అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవగలదు, మార్చగలదు. ఆ నాలుగు నెలల్లోనే ఆ అమ్మాయి ఆధార్ అప్‌లోడ్ చేసింది, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసింది, నెట్ బ్యాంకింగ్‌లో ఫీజు కట్టింది.

యాడ్‌వేరే కదా అని నేనన్న మాటే తప్పు. ఇలాంటివి చూసేటప్పుడు నేను ఏ వరుసలో వెళ్తానో ఇక్కడ మొత్తం రాస్తున్నాను. విండోస్ 11, క్రోమ్ మనసులో పెట్టుకుని రాశాను. విండోస్ 10లోనూ, ఎడ్జ్‌లోనూ పేర్లు కాస్త అటూ ఇటూగా ఉంటాయి కానీ పని అదే.

మొదలుపెట్టే ముందు యాడ్‌వేర్‌కీ స్పైవేర్‌కీ మధ్య గీత ఎందుకు ఇంత మసకగా ఉంటుందో కొంచెం తెలిస్తే, తర్వాత చెప్పేవన్నీ మీకే అర్థమవుతాయి. ప్రకటన చూపించడం (యాడ్‌వేర్) ఒక పని, మీ మీద నిఘా పెట్టడం (స్పైవేర్) ఇంకో పని అని మనం అనుకుంటాం. కానీ ఎవరికి ఏ ప్రకటన చూపించాలో తెలియాలంటే ముందు వాళ్లేం చూస్తున్నారో తెలియాలి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో గేటర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకుని ఫారాలు నింపిపెడతానంటూ వచ్చి, మీరు తిరిగే సైట్లను గమనిస్తూ ఆ పేజీల మీదే తన ప్రకటనలు పరిచేది. దాన్ని స్పైవేర్ అన్నందుకు 2003లో పీసీ పిట్‌స్టాప్ అనే సైట్ మీద ఆ కంపెనీ పరువు నష్టం కేసు వేసింది. కేసు రాజీతో ముగిసింది, ఆ సైట్ తను రాసిన పేజీలు తీసేసుకుంది. అదే ఏడాది గేటర్ తన పేరును క్లారియాగా మార్చుకుంది. జాంగో అనే ఇంకో కంపెనీ, జనం అనుమతి సరిగ్గా తీసుకోకుండా సాఫ్ట్‌వేర్ దించిందని 2006లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అదే జాంగో తన సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకుంటున్నారని యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ మీద కోర్టుకెక్కి, 2009లో అప్పీలులోనూ ఓడిపోయింది. అంటే ఏ పేరుతో పిలవాలన్నదాని మీదే లాయర్లు కొట్టుకున్నారు. ఆ భయం వల్లే ఇవాళ్టికీ చాలా యాంటీవైరస్‌లు నేరుగా స్పైవేర్ అనకుండా 'పీయూపీ', 'పీయూఏ' అని రాస్తాయి. బహుశా మీకు అక్కర్లేని ప్రోగ్రాం అని దానర్థం. కాస్పర్‌స్కీ అయితే కొన్నిటికి ముందు 'నాట్-ఎ-వైరస్' అని కూడా తగిలిస్తుంది. అది చూసి, వైరస్ కాదంటోంది కదా అని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను.

కాబట్టి పేరు కోసం ఆగకండి. అది ఏం చూస్తోంది, ఎవరికి పంపగలదు, పొమ్మంటే పోతుందా, ఈ మూడే చూడండి.

మొదటి పని: దేన్నీ తీసేయకుండా ఫోటోలు తీసుకోండి

కనిపించగానే అన్‌ఇన్‌స్టాల్ కొట్టాలనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించేది. ఆగండి. తీసేశాక అది ఎప్పుడొచ్చిందో, దేనితో కలిసి వచ్చిందో, ఏ అనుమతులు తీసుకుందో తెలుసుకోవడం కష్టం. తర్వాత పాస్‌వర్డ్‌లు మార్చాలా వద్దా అన్నది తేలేది ఆ వివరాల మీదే.

సెట్టింగ్స్ తెరిచి, యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి వెళ్లండి. పైన ఉన్న వరుస మార్చే చోట ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం పెట్టండి. ప్రకటనలు ఎప్పటి నుంచి మొదలయ్యాయో గుర్తు తెచ్చుకుని ఆ తేదీ చుట్టుపక్కల ఏమేం దిగాయో చూడండి. ఒకే రోజు మూడు నాలుగు దిగి ఉంటే అవన్నీ ఒకే మూటలో వచ్చి ఉండొచ్చు. ఆ తెరను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ కూడా ఒకసారి చూడండి, అక్కడ తయారుచేసిన కంపెనీ పేరు విడిగా ఒక వరుసలో కనబడుతుంది. ఆ గడి ఖాళీగా ఉన్నవాటిని ముందు అనుమానించండి.

ఈ పని జరుగుతున్నంతసేపూ ఆ కంప్యూటర్‌లో బ్యాంకు సైట్‌లోకి లాగిన్ అవ్వకండి.

రెండో పని: ప్రకటనలు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోండి

కుడివైపు కింద, గడియారం పక్కన, 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అంటూ డబ్బా ఎగురుతోందా? దాన్ని జాగ్రత్తగా చదవండి. చిన్న అక్షరాల్లో క్రోమ్ అనో ఎడ్జ్ అనో, దాని పక్కన ఏదో సైట్ పేరో ఉంటే అది అసలు ప్రోగ్రామే కాదు. ఎప్పుడో ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపనా అని అడిగితే మీరు అలవ్ నొక్కారు, అంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి, అనుమతి ఉన్న సైట్ల జాబితాలో తెలియనివన్నీ తీసేయండి. నా దగ్గరికి వైరస్ అని తెచ్చేవాటిలో ఇలాంటివి బోలెడు. ఐదు నిమిషాల పని. అయితే ఆ డబ్బా నొక్కి ఏదైనా దింపుకుని ఉంటే మాత్రం ఈ లెక్క మారుతుంది, మిగతా పనులన్నీ చెయ్యాల్సిందే.

అది కాకపోతే ఇంకో బ్రౌజర్ తెరిచి చూడండి. క్రోమ్‌లోనే వస్తూ ఎడ్జ్‌లో రాకపోతే దాదాపుగా ఎక్స్‌టెన్షనే. అన్ని బ్రౌజర్లలోనూ వస్తుంటే విండోస్‌లోనే ఏదో కూర్చుంది. అదే వైఫైలో ఉన్న ఇంట్లోవాళ్ల ఫోన్లలో కూడా వస్తూ, మొబైల్ డేటాకి మారితే ఆగిపోతుంటే రౌటర్ సెట్టింగులే ఎవరో మార్చి ఉండొచ్చు. అప్పుడు రౌటర్‌ని రీసెట్ చేసి దాని పాస్‌వర్డ్ మార్చాలి, కంప్యూటర్‌తో కుస్తీ పడి లాభం లేదు.

మూడో పని: ఎక్స్‌టెన్షన్లు. ఇక్కడ తొందరపడకండి

క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి, ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్. ఒక్కోదాని కింద డీటెయిల్స్ అని ఉంటుంది. అన్నిటికీ నొక్కండి, బద్ధకించకండి. అనుమతుల దగ్గర 'అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడం, మార్చడం' అన్న వాక్యం ఉందో లేదో చూడండి.

ఆ వాక్యం మామూలుగా కనిపిస్తుంది కానీ దాని బరువు చాలా ఎక్కువ. మీరు బ్యాంకు పేజీ తెరిచినప్పుడు కనిపించే బ్యాలెన్స్, మెయిల్‌లో చదువుతున్న ఉత్తరం, ఫారంలో టైపు చేస్తున్న అక్షరాలు, అన్నీ ఆ ఎక్స్‌టెన్షన్ చూడగలదు. సైట్‌కి తాళం (https) ఉందిగా అంటారు. ఆ తాళం మీ కంప్యూటర్‌కీ బ్యాంకుకీ మధ్య దారికే. ఎక్స్‌టెన్షన్ ఆ దారిలో లేదు, తాళం తీశాక లోపల మీ పక్కన కూర్చుని ఉంది.

పేజీలోని అక్షరాల జోలికి పోకుండా, మీరు తెరిచే సైట్ల అడ్రస్‌లు మాత్రమే పోగుచేసినా తక్కువేం కాదు. మీరు ఎవరికో పంపిన డాక్యుమెంట్ లింకు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు, డాక్టర్ రిపోర్టు లింకు, ఇవన్నీ అడ్రస్‌లే కదా. 2019లో శామ్ జడాలీ అనే పరిశోధకుడు బయటపెట్టిన డేటాస్పై వ్యవహారం సరిగ్గా ఇదే. కొన్ని ఎక్స్‌టెన్షన్లు సేకరించిన అడ్రస్‌లు ఒక కంపెనీ ద్వారా అమ్మకానికి వచ్చాయి. వాటిలో జనం పన్ను రిటర్నుల లింకులూ, ప్రయాణ టికెట్ల వివరాలూ ఉన్నాయి. అందులో కొన్ని ఫోటో మీద మౌస్ పెడితే పెద్దదిగా చూపించేలాంటి మామూలు ఎక్స్‌టెన్షన్లు. దీన్ని ఏమంటారు? ఆ కంపెనీని అడిగితే మార్కెట్ పరిశోధన అంటుంది. పన్ను రిటర్ను ఎవరిదో వాళ్లనడిగితే ఇంకో మాట అంటారు.

కాబట్టి ఒక్కో ఎక్స్‌టెన్షన్‌నీ ఇలా అడగండి: నువ్వు చేసే పనికి ఇంత అనుమతి కావాలా? ప్రకటనలు అడ్డుకునేదానికి అన్ని పేజీలూ చూడాల్సిన అవసరం ఉంది, అది వేరు. ఫోటో సైజు తగ్గించేదానికీ, వాతావరణం చెప్పేదానికీ, కూపన్లు వెతికేదానికీ మీ బ్యాంకు పేజీతో ఏం పని? పని చిన్నదై అడిగింది పెద్దదైతే తీసేయండి. ఉంచుకోవాలనుకుంటే అదే పేజీలో సైట్ యాక్సెస్ అని ఉంటుంది, దాన్ని 'క్లిక్ చేసినప్పుడు మాత్రమే' అని మార్చండి.

ఎన్నాళ్ల నుంచో వాడుతున్నాను, మంచిదే అంటారా? ద గ్రేట్ సస్పెండర్ అని చాలామంది మెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ ఉండేది. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్లకి అమ్మేశారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమైనదని చెప్పి జనాల బ్రౌజర్లలోనే ఆపేసింది. పేరు మారలేదు, బొమ్మ మారలేదు, యజమాని మారాడంతే. అందుకే ఆరు నెలలకోసారైనా ఈ పేజీ తెరిచి చూడాలి.

తీసేసినా మళ్లీ వస్తోందా? చాలాసార్లు కారణం క్రోమ్ సింక్. మీ అకౌంట్‌తో ఇంకో కంప్యూటర్‌లో అదే ఎక్స్‌టెన్షన్ ఉంటే ఇక్కడికి మళ్లీ వచ్చేస్తుంది. రెండు చోట్లా తీయాలి. మూడు చుక్కల మెనూ అడుగున 'మీ సంస్థ దీన్ని నిర్వహిస్తోంది' అని కనిపిస్తే, అది ఆఫీసు లాప్‌టాప్ అయితే సహజం. ఇంటి కంప్యూటర్‌లో అలా ఉంటే ఏదో ప్రోగ్రాం బ్రౌజర్‌కి నియమాలు పెట్టి ఎక్స్‌టెన్షన్‌ని తీయనివ్వకుండా చేస్తుండొచ్చు. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా ఆ మాట కనిపిస్తుంది కాబట్టి కంగారుపడకుండా తర్వాతి పనులు చేయండి.

నాలుగో పని: తాళం కింద ఎవరు సంతకం పెట్టారో చూడండి

ఇది ఎక్కువమంది చెయ్యరు. నాకు మాత్రం యాడ్‌వేర్‌కీ స్పైవేర్‌కీ తేడా లేదని నమ్మకం కలిగించింది ఇదే. 2014 చివర్లో లెనోవో అమ్మిన కొన్ని లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే సాఫ్ట్‌వేర్ ముందే వేసి ఉంది. దాని పని ప్రకటనలు చూపించడమే, అంటే పుస్తకం ప్రకారం యాడ్‌వేర్. కానీ తాళం ఉన్న సైట్లలో కూడా ప్రకటనలు దూర్చడం కోసం అది విండోస్‌లో తన సొంత రూట్ సర్టిఫికెట్ (సైట్లు అసలువేనని హామీ ఇచ్చే సర్టిఫికెట్లన్నిటికీ పైనుండే డిజిటల్ పత్రం) పెట్టుకుంది. దాంతో బ్యాంకు సర్టిఫికెట్ స్థానంలో తనది పెట్టి మధ్యలో కూర్చుని అన్నీ చదవగలిగేది. పైగా అన్ని లాప్‌టాప్‌లలోనూ ఒకటే తాళంచెవి. 2015 ఫిబ్రవరిలో విషయం బయటపడ్డాక, రాబర్ట్ గ్రాహం అనే నిపుణుడు ఆ తాళంచెవి పాస్‌వర్డ్‌ను బయటికి లాగి చూపించారు. అంటే కాఫీ షాపు వైఫైలో మీ పక్కన కూర్చున్నవాడు కూడా ఆ లాప్‌టాప్ ముందు బ్యాంకు వేషం వేయగలడు. దొంగతనం ఉద్దేశమే లేని సాఫ్ట్‌వేర్ దొంగలకి తలుపు తీసిపెట్టింది.

మీరు చూడాల్సింది సులభం. మీ బ్యాంకు సైట్ తెరవండి, లాగిన్ వద్దు. అడ్రస్‌కి ఎడమవైపు ఉన్న గుర్తు నొక్కి, కనెక్షన్ సురక్షితం అన్నచోట నొక్కి, సర్టిఫికెట్ తెరవండి. 'ఇష్యూడ్ బై' దగ్గర డిజిసెర్ట్, గ్లోబల్‌సైన్, సెక్టిగో లాంటి పేరు ఉంటుంది. ఇదే సైట్‌ని ఇంకో కంప్యూటర్‌లో, ఫోన్ హాట్‌స్పాట్ మీద తెరిచి పేరు పోల్చండి. ఇక్కడొకటి, అక్కడొకటి ఉండి, ఇక్కడున్నది మీరెప్పుడూ వినని సాఫ్ట్‌వేర్ పేరైతే ఎవరో మధ్యలో ఉన్నారు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పేజీలను పరీక్షించడానికి ఇలాగే మధ్యలో కూర్చుంటాయి, అప్పుడు వాటి పేరే కనిపిస్తుంది.

స్టార్ట్ మెనూలో 'మేనేజ్ యూజర్ సర్టిఫికెట్స్' అని వెతికి, ట్రస్టెడ్ రూట్ అన్న ఫోల్డర్ తెరిస్తే మొత్తం జాబితా ఉంటుంది. అక్కడ మాత్రం చేతికొచ్చింది తీసేయకండి, విండోస్‌కి కావలసినవీ అక్కడే ఉంటాయి. అనుమానం ఉన్న పేరు దొరికితే ఫోటో తీసి, తెలిసినవాళ్లకి చూపించి, అప్పుడు తీయండి.

ఇదే ఊపులో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ (మీ ఇంటర్నెట్ రాకపోకల్ని మధ్యలో ఇంకో కంప్యూటర్ గుండా పంపే ఏర్పాటు) చూడండి. ఆఫీసు వాళ్లు చెబితే తప్ప ఇంట్లో ప్రాక్సీ సర్వర్ ఆన్‌లో ఉండక్కర్లేదు.

ఐదో పని: స్కాన్, ఆపైన పేరు చదవడం

విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, దానిలో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ తెరవండి. అక్కర్లేని యాప్‌లను అడ్డుకునే స్విచ్ ఉంటుంది, దాని కింద యాప్‌లకొకటి, డౌన్‌లోడ్‌లకొకటి టిక్‌లు ఉంటాయి. రెండూ పెట్టండి. తర్వాత ఫుల్ స్కాన్. అదయ్యాక మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్, ఇది కంప్యూటర్‌ని ఆపి విండోస్ లేవకముందే వెతుకుతుంది, సుమారు పావుగంట పడుతుంది. రెండో అభిప్రాయం కోసం మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్ వాడతాను, ఉచితమే. కానీ వాళ్ల సొంత సైట్ నుంచే దింపండి. వెతికినప్పుడు పైన 'స్పాన్సర్డ్' అని వచ్చే లింకు నొక్కకండి, వైరస్ తీసే టూల్ పేరుతోనే వైరస్ దిగుతుంది.

స్కాన్ ఏదో పట్టుకుందనుకోండి. ఎర్రగా కనిపించగానే రిమూవ్ కొట్టి మర్చిపోవద్దు, ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి దాని పేరులోని మొదటి ముక్క చదవండి. 'యాడ్‌వేర్', 'బ్రౌజర్ మాడిఫయర్', 'సాఫ్ట్‌వేర్ బండ్లర్', 'పీయూఏ' అని ఉంటే ఒక రకం. 'స్పైవేర్', 'ట్రోజన్‌స్పై', 'పీడబ్ల్యూఎస్' ఉంటే రెండో రకం, ఆ పీడబ్ల్యూఎస్ అంటే పాస్‌వర్డ్ దొంగే. రెండో రకం కనిపిస్తే ఆ కంప్యూటర్‌లో టైపు చేసినవీ, సేవ్ చేసినవీ అన్నీ బయటికి పోయినట్టే లెక్కేసుకోండి. 'మానిటరింగ్ టూల్' అని కనిపిస్తే మాత్రం ఆగండి. అది చాలాసార్లు తెలిసిన మనిషి పెట్టింది అయి ఉంటుంది. ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తూ ఉంటే, అది తీసేసిన వెంటనే వాళ్లకి తెలిసిపోతుంది, కాబట్టి ముందు వేరే ఫోన్ నుంచి నమ్మకమైనవాళ్లతో మాట్లాడండి.

మొదటి రకమే కదా అని ఊపిరి పీల్చుకోకూడదనే ఈ వ్యాసం అంతా. 2017లో చెక్‌పాయింట్ అనే భద్రతా కంపెనీ ఫైర్‌బాల్ అనే యాడ్‌వేర్ గురించి చెప్పింది. బీజింగ్‌లోని రాఫోటెక్ అనే ప్రకటనల కంపెనీదని, ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలో, మన దేశంలోనే రెండున్నర కోట్ల వాటిలో ఉందని లెక్క కట్టింది. ఆ లెక్క మరీ ఎక్కువని మైక్రోసాఫ్ట్ అంది. అంకె సంగతి అలా ఉంచండి, అది చేసేది హోం పేజీ మార్చడం, వెతికే పేజీ మార్చడం. కానీ ఆ కంప్యూటర్‌లో ఏ కోడ్ కావాలంటే ఆ కోడ్ దించి నడిపించే శక్తి దానికుంది. ఇవాళ ప్రకటన చూపించినది రేపు ఇంకేం చేస్తుందన్నది దాన్ని నడిపేవాళ్ల ఇష్టం.

యాంటీవైరస్ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. అవాస్ట్ సంగతే చూడండి. తన యాంటీవైరస్, ఎక్స్‌టెన్షన్ల ద్వారా జనం ఏ సైట్లు చూస్తున్నారో సేకరించి జంప్‌షాట్ అనే తన సొంత కంపెనీ ద్వారా అమ్మింది. 2020 జనవరిలో విలేకరులు బయటపెట్టాక జంప్‌షాట్‌ని మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానికి 1 కోటీ 65 లక్షల డాలర్లు విధించింది. కాపలాకి పెట్టుకున్నవాడే ఇంటి గుట్టు అమ్మాడు.

ఆరో పని: తీసేయడం

ఇప్పుడు తీయండి. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో నుంచి, ఆ ఒకే రోజు మూటగా వచ్చినవన్నీ. తీసేటప్పుడు 'నిజంగా వెళ్లిపోతారా', 'దీన్ని మాత్రం ఉంచండి' అంటూ బటన్లు అటూ ఇటూ మారుస్తూ అడుగుతుంది. ప్రతి వాక్యం పూర్తిగా చదివి నొక్కండి. పొమ్మంటే పోకుండా ఇలా కాళ్లకడ్డం పడేదాన్ని స్పైవేర్ లెక్కలోనే రాసుకోండి.

తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూడండి. ఆపైన టాస్క్ షెడ్యూలర్ తెరిచి, లైబ్రరీలో ఒక్కో వరుస నొక్కి యాక్షన్స్ అన్న చోట ఏ ఫైలు నడుపుతోందో చూడండి. మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ జోలికి పోవద్దు. బయట ఉన్నవాటిలో యాప్‌డేటా లేదా టెంప్ ఫోల్డర్‌లోని ఫైలును, అప్‌డేటర్ అన్న పేరుతో నడుపుతున్నవి చూడండి. అసలైన సాఫ్ట్‌వేర్లు కూడా కొన్ని అక్కడి నుంచే నడుస్తాయి కాబట్టి పేరు మీకు తెలిసినదా కాదా చూసి, అనుమానమైతే ముందు డిజేబుల్ చేసి రెండు రోజులు గమనించండి. తీసేసిన ప్రోగ్రాం రాత్రికి రాత్రి తిరిగొచ్చేది ఈ దారినే. చివరిగా క్రోమ్‌లో రీసెట్ సెట్టింగ్స్ చెయ్యండి, బుక్‌మార్క్‌లు పోవు.

పీడబ్ల్యూఎస్ లాంటిది దొరికి ఉంటే, లేదా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వచ్చి ఉంటే (డీటీపీ సెంటర్లలో తెలుగు ఫాంట్ల క్రాక్‌లు పెన్‌డ్రైవ్‌ల మీద తిరుగుతూ ఉంటాయి, వాటితో సహా), నేను శుభ్రం చెయ్యడానికి ప్రయత్నించను. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని, ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఒక్కటీ ముట్టుకోకుండా, సెట్టింగ్స్‌లో రీసెట్ దిస్ పీసీ, అన్నీ తీసేయమని చెప్పి, క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుని విండోస్ కొత్తగా వేస్తాను.

ఏడో పని: పాస్‌వర్డ్‌లు

ఆ కంప్యూటర్ నుంచి మార్చకండి. ఫోన్ నుంచి మార్చండి. ముందు మెయిల్, ఎందుకంటే మిగతా అన్నిటి పాస్‌వర్డ్ మార్చే లింకులు అక్కడికే వస్తాయి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. మార్చడంతో అయిపోలేదు. పాస్‌వర్డ్ లేకుండానే, మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్‌కి గుర్తుచేసే చిన్న ఫైలును (కుకీని) ఎత్తుకెళ్లి మీ అకౌంట్‌లోకి వచ్చే రకం దొంగలు ఉన్నారు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ, మీ డివైజ్‌లు అన్న చోటికి వెళ్లి తెలియని వాటన్నిటినీ సైన్ అవుట్ చెయ్యండి. రెండంచెల ధృవీకరణ పెట్టండి.

ఎప్పుడు మార్చాలి? రెండో రకం దొరికితే తప్పకుండా. మొదటి రకమే అయినా, దాని ఎక్స్‌టెన్షన్‌కి అన్ని సైట్ల అనుమతి ఉంటే, లేదా అది రూట్ సర్టిఫికెట్ పెట్టుకుని ఉంటే అప్పుడూ మార్చాలి. మొదట తీసుకున్న ఫోటోలు ఇప్పుడు పనికొస్తాయి. అది దిగిన తేదీ నుంచి ఇవాళ్టి వరకూ మీరు ఏయే సైట్లలో లాగిన్ అయ్యారో అదే మీ జాబితా. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. అక్కడ ప్రతి నిమిషం విలువైనదే.

మళ్లీ రాకుండా

ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్స్‌ప్రెస్ బదులు కస్టమ్ లేదా అడ్వాన్స్‌డ్ ఎంచుకోండి, వెంట వచ్చేవాటి టిక్‌లు అక్కడే కనిపిస్తాయి. అసలు మనవాళ్లు వెతికి దింపుకునేవాటిలో చాలా పనులు విండోస్‌లోనే ఉన్నాయి. తెలుగు టైపింగ్ కోసం ఎక్కడెక్కడివో దింపుతుంటారు. సెట్టింగ్స్‌లో టైం అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు భాష చేర్చుకుంటే కీబోర్డు వచ్చేస్తుంది, ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేస్తే తెలుగు పడే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి అందులోనే ఉంది. పీడీఎఫ్ చేయాలంటే ప్రింట్ కొట్టి, ప్రింటర్ స్థానంలో మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఎంచుకోండి.

మా పిన్ని కూతురు విషయానికొస్తే, నాలుగు నెలల తర్వాత అలా బయటపడ్డాక విండోస్ కొత్తగా వేశాం, పాస్‌వర్డ్‌లు తన ఫోన్ నుంచే ఒక్కోటీ మార్చింది, ఒక సాయంత్రం మొత్తం పట్టింది. మొన్న ఇంకో పరీక్ష నోటిఫికేషన్ వచ్చింది, మళ్లీ ఫోటో 50 కేబీ గొడవే. ఈసారి విండోస్ ఫోటోస్‌లో ఫోటో తెరిచి, మూడు చుక్కల్లో రీసైజ్ ఇమేజ్ నొక్కి, క్వాలిటీ గీతను వెనక్కి జరుపుతూ పోయింది. పక్కనే కొత్త సైజు ఎంతో చూపిస్తుంది. 48 కేబీ దగ్గర ఆపి సేవ్ చేసింది.